ఫెరిటిన్ పెరిగితే లివర్‌లో ఇనుము పేరుకున్నట్టేనా?

ఈమధ్య శ్రీకాకుళంలోనూ విజయనగరంలోనూ ల్యాబులు ఇచ్చే ‘ఫుల్ బాడీ చెకప్’ ప్యాకేజీల్లో ఫెరిటిన్ (ఇనుమును దాచే ప్రోటీను) పరీక్ష కూడా కనిపిస్తోంది. షుగరు, కొలెస్ట్రాల్ చూపించుకుందామని వెళ్లిన మనిషి చేతికి వచ్చిన కాగితంలో ఫెరిటిన్ 620 అని ఉంటుంది, పక్కన పైకి చూపే బాణం గుర్తు. పొట్ట స్కానింగులో అప్పటికే ‘గ్రేడ్ 2 ఫ్యాటీ లివర్’ అని రాసి ఉంటుంది. రెండూ కలిపి ఫోన్‌లో వెతికితే ఇనుము పేరుకుపోవడం, సిర్రోసిస్, రక్తం తీయించుకోవడం అన్న మాటలు వరసగా ఎదురవుతాయి. ఆ రాత్రి నిద్ర పట్టదు.

అదే ఇంట్లో భార్యకు హిమోగ్లోబిన్ 9.8. పీహెచ్‌సీలో ఇచ్చిన ఐరన్ బిళ్లలు వాడుతోంది. ఆవిడకు వచ్చే సందేహం న్యాయమైనది: “ఆయనకి ఇనుము ఎక్కువైపోనాదంట, ఒకే కుండలో కూడు తింటన్నాం, మరి నాకెందుకు తక్కువైనాదండీ?” ఈ ప్రశ్నకు జవాబు తిండిలో వెతికితే దొరకదు. ఒంట్లో ఇనుము ఎంత ఉందన్నది ఒక సంగతి, ఎక్కడ ఆగిపోయిందన్నది ఇంకో సంగతి. ఫ్యాటీ లివర్‌లో ఎక్కువగా తిరగబడేది రెండోదే. ఫెరిటిన్ అనే ఒక్క అంకె ఆ రెండింటినీ విడదీసి చెప్పలేదు.

ఇనుము వచ్చే దారి ఉంది, పంపేసే దారి లేదు

పెద్దవాళ్ల ఒంట్లో మొత్తం ఇనుము 3 నుంచి 4 గ్రాములు. అందులో సుమారు మూడింట రెండు వంతులు ఎర్ర రక్తకణాల్లోని హిమోగ్లోబిన్‌లోనే ఉంటుంది. మిగిలినదాంట్లో పెద్ద వాటా కాలేయంలోనూ, ప్లీహంలోనూ, ఎముక మూలుగలోనూ నిల్వ.

రోజూ తిండి నుంచి ఒంటబట్టేది 1 నుంచి 2 మిల్లీగ్రాములే. కానీ కొత్త రక్తం తయారవడానికి రోజుకు 20 నుంచి 25 మిల్లీగ్రాములు కావాలి. ఆ తేడా పాత రక్తం నుంచే వస్తుంది. ఎర్ర రక్తకణం ఆయుష్షు సుమారు 120 రోజులు. ముదిరిన కణాలను మాక్రోఫేజ్‌లు అనే రక్షక కణాలు మింగి, వాటిలోని ఇనుమును తీసి మళ్లీ రక్తంలోకి వదులుతాయి. అంటే మన రక్తం ఏరోజుకారోజు ప్రధానంగా పాత ఇనుముతోనే నడుస్తోంది.

ఉప్పు ఎక్కువైతే మూత్రంలో పోతుంది. ఇనుముకు ఆ సౌకర్యం లేదు. ఎక్కువైన ఇనుమును కావాలని బయటికి నెట్టే ఏర్పాటు మనిషి ఒంట్లో లేదు. చర్మం, పేగు లోపలి పొర రాలిపోవడంతో రోజుకు ఒక మిల్లీగ్రాము దాకా పోతుంది. ఆడవాళ్లకు నెలసరిలో, కాన్పుల్లో ఇంకా పోతుంది. అందుకే శరీరం తన నియంత్రణంతా లోపలికి రానిచ్చే చోటే పెట్టుకుంది. రెండు పూటలా ఒకే కూర తిన్నా భర్తకూ భార్యకూ లెక్క వేరు కావడానికి మొదటి కారణం ఇక్కడే ఉంది. ఆమెకు ప్రతి నెలా ఖర్చు ఉంది, ఆయనకు లేదు.

హెప్సిడిన్: షట్టర్లు దించే హార్మోను

ఈ నియంత్రణ ఎవరి చేతిలో ఉందన్నది 2000 సంవత్సరం దాకా తెలియదు. తెలిసిన తీరు ఆశ్చర్యంగా ఉంటుంది. 2000, 2001 ప్రాంతాల్లో కాలేయం తయారుచేసే ఒక చిన్న పెప్టైడును వేర్వేరు బృందాలు గుర్తించాయి. అందులో ఉన్నవి 25 అమైనో ఆమ్లాలే. మొదట దాన్ని సూక్ష్మజీవులను చంపే పదార్థం అనుకున్నారు. అదే సమయంలో పారిస్‌లో ఒక బృందం గ్లూకోజుకు సంబంధించిన జన్యువును ఎలుకల్లో తీసేసి చూస్తోంది. వాళ్ల పరిశోధన ఇనుము మీద కానే కాదు. కానీ ఆ ఎలుకల కాలేయంలో, క్లోమంలో ఇనుము విపరీతంగా పేరుకుపోయింది. ఎందుకని వెతికితే, తీసేసిన జన్యువు పక్కనే ఉన్న హెప్సిడిన్ జన్యువు కూడా పనిచేయడం మానేసిందని తేలింది. హెప్సిడిన్ లేకపోతే ఇనుముకు అడ్డే లేదని అలా బయటపడింది.

అది పనిచేసే విధానం 2004లో తేలింది. కణంలో ఉన్న ఇనుము రక్తంలోకి రావాలంటే కణం గోడలో ఉండే ఫెరోపోర్టిన్ అనే ప్రోటీను గుండానే రావాలి. వేరే దారి లేదు. హెప్సిడిన్ వచ్చి ఫెరోపోర్టిన్‌కు అతుక్కుంటుంది, కణం ఆ ప్రోటీనును లోపలికి లాక్కుని అరిగించేస్తుంది. దాంతో ఇనుము ఆ కణంలోనే ఉండిపోతుంది. ఈ దారులు ప్రధానంగా మూడు చోట్ల ఉన్నాయి: తిండిలోని ఇనుమును తీసుకునే పేగు కణాల్లో, పాత రక్తాన్ని అరగదీసే మాక్రోఫేజ్‌ల్లో, నిల్వ ఉంచే కాలేయ కణాల్లో.

హిరమండలం దగ్గర గొట్టా బ్యారేజీ చూసినవాళ్లకు ఇది వెంటనే అర్థమవుతుంది. షట్టర్లు దించితే ఎగువన వంశధార నిండుగా కనిపిస్తుంది, కాలవ చివరి ఆయకట్టు మాత్రం నీళ్లందక ఎండుతుంది. గట్టు మీద నిలబడి ఎగువకే చూసిన మనిషి నీళ్లు ఎక్కువయ్యాయంటాడు, శివారు రైతు నీళ్లే లేవంటాడు. ఇద్దరిదీ నిజమే.

ఒంట్లో ఇనుము నిల్వలు పెరిగితే హెప్సిడిన్ పెరుగుతుంది. ఒంట్లో వాపు ఉన్నా పెరుగుతుంది. ఇక్కడ వాపు అంటే కాలు వాయడం కాదు, రోగనిరోధక వ్యవస్థ రేగి ఉండటం. అప్పుడు ఇంటర్‌ల్యూకిన్-6 అనే సంకేతం కాలేయానికి చేరి హెప్సిడిన్‌ను పెంచుతుంది. సూక్ష్మజీవులకు కూడా ఇనుము కావాలి కాబట్టి, జబ్బు వచ్చినప్పుడు దాన్ని వాటికి అందకుండా దాచేయడం శరీరం ఎత్తుగడ. నాలుగు రోజుల జ్వరానికి అది మంచి ఎత్తుగడే. ఏళ్ల తరబడి నడిచే వాపుకు కాదు. రక్తహీనత ఉన్నా, మూలుగలో కొత్త రక్తం జోరుగా తయారవుతున్నా హెప్సిడిన్ తగ్గుతుంది. మద్యం కూడా దాన్ని తగ్గిస్తుంది. రోజూ తాగేవాళ్ల లివర్‌లో ఇనుము చేరడానికి అదొక ముఖ్య కారణం.

కొవ్వు పట్టిన లివర్‌లో ఏం మారుతుంది

కాలేయ కణాల్లో 5 శాతానికి మించి కొవ్వు చేరితే ఫ్యాటీ లివర్ అంటారు. తాగుడు లేకుండా, ఊబకాయం, షుగరు, బీపీ, ట్రైగ్లిజరైడ్లు వంటివాటితో వచ్చేదానికి ఇదివరకు ‘నాన్ ఆల్కహాలిక్’ అని పేరు. 2023లో దాని పేరును ‘మెటబాలిక్ డిస్‌ఫంక్షన్’తో, అంటే జీవక్రియల లోపంతో, ముడిపెట్టి మార్చారు. మన దేశ జనాభాలో ఇది 9 నుంచి 32 శాతం దాకా ఉన్నట్టు వేర్వేరు సర్వేలు చెబుతున్నాయని కేంద్ర ఆరోగ్యశాఖ 2021లో చెప్పింది. షుగరు, గుండెజబ్బుల కోసం నడిపే జాతీయ కార్యక్రమంలో దీన్నీ అప్పుడే చేర్చారు.

ఇనుము సంగతి 1997లో ఫ్రాన్స్‌లోని రెన్ నగరం నుంచి వచ్చింది. వాళ్లు చూసిన రోగుల లివర్‌లో ఇనుము ఎక్కువగా ఉంది, రక్తంలో ఇనుము ఎంత నిండుగా తిరుగుతోందో చెప్పే ట్రాన్స్‌ఫెరిన్ శాచురేషన్ మాత్రం మామూలుగానే ఉంది. వాళ్లలో చాలామందికి పొట్ట, షుగరు, కొవ్వు సమస్యలు ఉన్నాయి. అప్పటికి ఇనుము పేరుకునే జబ్బంటే వంశపారంపర్య హీమోక్రొమాటోసిస్ ఒకటే గుర్తొచ్చేది. దానికి కారణమైన హెచ్‌ఎఫ్‌ఈ జన్యువు అంతకుముందు ఏడాదే, 1996లో దొరికింది. రెన్ రోగులది ఆ జబ్బు కాదు. తర్వాత దీనికి ‘డిస్‌మెటబాలిక్ ఐరన్ ఓవర్‌లోడ్’ అన్న పేరు స్థిరపడింది. ఫ్యాటీ లివర్ ఉన్నవాళ్లలో సుమారు మూడో వంతు మందికి ఫెరిటిన్ పెరిగి ఉంటుంది. నిజంగా లివర్‌లో ఇనుము పేరుకున్నవాళ్లు అంతకంటే తక్కువ. పేరుకున్నా సాధారణంగా కొద్దిపాటే, హీమోక్రొమాటోసిస్‌లో ఉండే స్థాయికి దరిదాపుల్లో ఉండదు.

ఎలా పేరుకుంటుంది? ఇన్సులిన్ సరిగా పనిచేయని ఒంట్లో, ముఖ్యంగా పొట్టలోని కొవ్వు కణజాలంలో, చిన్న మంటలా వాపు నిరంతరం ఉంటుంది. దాంతో హెప్సిడిన్ పెరుగుతుంది, ఫెరోపోర్టిన్ తగ్గుతుంది. మాక్రోఫేజ్‌లు మింగిన పాత రక్తం తాలూకు ఇనుము వాటిలోనే ఆగిపోతుంది, కాలేయ కణాల్లోదీ బయటికి రాదు. లివర్ ముక్క తీసి పెర్ల్స్ రంగు వేస్తే మైక్రోస్కోపు కింద ఇనుము నీలం చుక్కల్లా కనిపిస్తుంది. ఆ నీలం కొందరిలో కాలేయ కణాల్లో ఉంటుంది, కొందరిలో కాలేయంలో కాపురముండే కుప్ఫర్ కణాలనే మాక్రోఫేజ్‌ల్లో ఉంటుంది, కొందరిలో రెండిట్లోనూ. కుప్ఫర్ కణాల్లో నీలం ఉన్నవాళ్లకు లివర్ దెబ్బ ముదిరి ఉండటం ఎక్కువగా కనిపించిందని అమెరికాలో చేసిన పరిశీలనలు చెప్పాయి.

ఇదే హెప్సిడిన్ పేగు దగ్గర చేసే పని వేరు. అక్కడ దారి మూసుకుపోతే తిన్న ఇనుము, మింగిన బిళ్ల రక్తంలోకి చేరదు, పేగు కణంతో పాటే రాలి పోతుంది. అందుకే లావుగా ఉన్న ఆడవాళ్లలో, ఎదిగే ఆడపిల్లల్లో ఫ్యాటీ లివర్, ఇనుము లోపం రెండూ కలిసి కనిపిస్తాయి. మన ప్రాంతంలో ‘ఒంట్లో రక్తం లేదు’ అంటే బక్కచిక్కిన మనిషే కళ్లముందు మెదులుతుంది. లావుగా ఉన్నావిడ నీరసంగా ఉందంటే ఇంట్లో పని తప్పించుకోడానికే అంటారు. ఆ మాట తప్పు అని గట్టిగా చెప్పాల్సిన అవసరం ఉంది.

ఫెరిటిన్ చెప్పేది, చెప్పనిది

ఫెరిటిన్ ఇనుమును దాచే ప్రోటీను. ఒక్కో ఫెరిటిన్ గుల్లలో 4,500 దాకా ఇనుము పరమాణువులు పడతాయి. దాని అసలు చోటు కణం లోపల. రక్త పరీక్షలో తేలేది బయటికి వచ్చిన కొద్ది భాగం. నిల్వలు పెరిగితే అది పెరుగుతుంది, నిజమే. కానీ వాపు ఉన్నా, లివర్ కణాలు దెబ్బతిన్నా, మద్యం తాగినా, షుగరు ఉన్నా, కిడ్నీలు పాడైనా, కొన్ని క్యాన్సర్లలోనూ పెరుగుతుంది. డెంగీ జ్వరంలో వేలల్లోకి ఎగబాకడం కూడా ఉంది. వానాకాలం జ్వరం తగ్గీతగ్గకముందే చేయించుకున్న ఫెరిటిన్ ఆ జ్వరం గురించి చెబుతుంది తప్ప ఇనుము గురించి నమ్మదగ్గ మాట చెప్పదు.

తక్కువ ఫెరిటిన్ నిక్కచ్చిగా చెబుతుంది: నిల్వలు ఖాళీ. ఎక్కువ ఫెరిటిన్ అలా తేల్చి చెప్పదు.

తేల్చడానికి తోడుగా చూసేది ట్రాన్స్‌ఫెరిన్ శాచురేషన్. రక్తంలో ఇనుమును మోసే ప్రోటీను ట్రాన్స్‌ఫెరిన్. దాని మోసే సామర్థ్యంలో ఎంత శాతం ఇనుముతో నిండి ఉందో ఇది చెబుతుంది. లెక్క సులువు: సీరం ఐరన్‌ను (రక్తంలో ఉన్న ఇనుము) టీఐబీసీతో (రక్తం మొత్తం మోయగల ఇనుము) భాగించి 100తో గుణిస్తే వస్తుంది. మామూలుగా 20 నుంచి 45 శాతం మధ్య ఉంటుంది. 45 దాటితే ఇనుము నిజంగానే పొంగి పొర్లుతోందేమో అని అనుమానిస్తారు. 20 కంటే బాగా తగ్గితే మూలుగకు ఇనుము అందడం లేదని అర్థం.

2023లో అంతర్జాతీయ నిపుణుల బృందం ఒకటి మెటబాలిక్ సమస్యలతో పెరిగే ఫెరిటిన్‌ను మూడు మెట్లుగా విడదీసింది. ఆడవాళ్లలో 200, మగవాళ్లలో 300 దాటి 550 దాకా మొదటి మెట్టు. 550 నుంచి 1000 దాకా రెండోది. 1000 దాటితే మూడోది. మొదటి మెట్టులో లివర్‌లో చెప్పుకోదగ్గ ఇనుము ఉండే అవకాశం తక్కువ, మూడోదాంట్లో ఎక్కువ. నిజంగా ఎంత ఉందో సూది గుచ్చకుండా కొలిచేది ఎంఆర్‌ఐ. మామూలు స్కానింగుకు కొవ్వు కనిపిస్తుంది, ఇనుము కనిపించదు.

నాలుగు రిపోర్టులు, నాలుగు అర్థాలు

ఈ నలుగురూ లెక్క అర్థం కావడానికి అనుకున్నవాళ్లే.

రాజాంలో వ్యాపారం చేసుకునే 48 ఏళ్ల మనిషి అనుకుందాం. నడుము 102 సెంటీమీటర్లు, షుగరు సరిహద్దులో, తాగుడు లేదు. ఫెరిటిన్ 620. సీరం ఐరన్ 98, టీఐబీసీ 320. శాచురేషన్ 31 శాతం లోపే. అంటే రక్తంలో ఇనుము పొంగడం లేదు. ఫెరిటిన్ వెనక ఉన్నది ప్రధానంగా కొవ్వు, వాపు, బహుశా కొంచెం ఆగిపోయిన ఇనుము. ఇప్పుడు ఆయన గురించి అడగాల్సిన ప్రశ్న లివర్‌లో మచ్చ కట్టడం, అంటే ఫైబ్రోసిస్, మొదలైందా అన్నది. దానికి ఫిబ్-4 అనే లెక్క ఉంది: వయసును ఏఎస్‌టీతో గుణించి, ప్లేట్‌లెట్లను (వేలల్లో) ఏఎల్‌టీ వర్గమూలంతో గుణించగా వచ్చినదాంతో భాగించాలి. ఏఎస్‌టీ, ఏఎల్‌టీ అంటే లివర్ ఎంజైములు. ఆయనకు ఏఎస్‌టీ 52, ఏఎల్‌టీ 64, ప్లేట్‌లెట్లు 2 లక్షల 10 వేలు అనుకోండి. 48ను 52తో గుణిస్తే 2496. 64 వర్గమూలం 8. 210ని 8తో గుణిస్తే 1680. భాగిస్తే 1.49. ఇది 1.3 కంటే తక్కువైతే ముదిరిన మచ్చ ఉండే అవకాశం తక్కువ, 2.67 దాటితే ఎక్కువ. 1.49 మధ్యలో పడింది, ఇలాంటివాళ్లకే లివర్ గట్టిదనాన్ని కొలిచే ఫైబ్రోస్కాన్‌తో తేలుస్తారు. ఆయన భవిష్యత్తును 620 కంటే ఈ 1.49 ఎక్కువ చెబుతుంది. కానీ ఆయన నిద్ర పోగొట్టింది 620. అది బాధ కలిగించే విషయం, ఎందుకంటే ఫిబ్-4కు కావాల్సిన అంకెలన్నీ సాధారణంగా అదే కాగితంలోనే ఉంటాయి.

ఆయన భార్యకు హిమోగ్లోబిన్ 9.8, ఫెరిటిన్ 9, సీరం ఐరన్ 28, టీఐబీసీ 450. శాచురేషన్ 6 శాతం చిల్లర. ఇది ఏ గందరగోళం లేని ఇనుము లోపం. భర్త కాగితం చూసి ఈవిడ బిళ్లలు ఆపేస్తే నష్టపోయేది ఈవిడే.

బొబ్బిలిలో 41 ఏళ్ల టీచరు. లావుగా ఉన్నారు, ఫ్యాటీ లివర్ ఉంది. హిమోగ్లోబిన్ 10.4. ఫెరిటిన్ 62, కాగితం మీద మామూలే. కానీ సీరం ఐరన్ 38, టీఐబీసీ 310, శాచురేషన్ 12 శాతం. వాపును చూపించే సీఆర్‌పీ 11. వాపు ఉన్నప్పుడు పెద్దవాళ్లలో ఫెరిటిన్ 70 లోపు ఉన్నా ఇనుము లోపంగానే చూడొచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో చెప్పింది. ‘నార్మల్’ అని రాసి ఉన్న ఫెరిటిన్ ఈవిడ లోపాన్ని కప్పిపెట్టింది. నలుగురిలో తేలిగ్గా తప్పిపోయే రిపోర్టు ఇదే.

నాలుగో మనిషికి 36 ఏళ్లు, సన్నగా ఉన్నాడు. ఫెరిటిన్ 1900, సీరం ఐరన్ 190, టీఐబీసీ 250, శాచురేషన్ 76 శాతం. ఇక్కడ ఫ్యాటీ లివర్ చెప్పే కథ సరిపోదు. పదేపదే రక్తం ఎక్కించారా, తలసేమియా లాంటిది ఉందా, జన్యుపరమైన హీమోక్రొమాటోసిస్ ఏదైనా ఉందా అని వెతకాలి. హెచ్‌ఎఫ్‌ఈ జన్యువులో యూరప్‌లో ఎక్కువగా కనిపించే సి282వై మార్పు మన దేశంలో చాలా అరుదు. మనవాళ్లలో కాస్త తరచుగా కనిపించే హెచ్63డి ఒక్కటే ఉంటే ఇంత ఇనుము పేరుకోదు. అందుకే ఆ ఒక్క జన్యు పరీక్షతో ఇక్కడ విషయం తేలదు.

ఇనుమే లివర్‌ను పాడుచేస్తోందా?

ఇక్కడ పరిశోధకులే రెండుగా ఉన్నారు, రెండు వైపులా బలమైన కారణాలున్నాయి.

ఇనుమే దోషి అనేవాళ్ల మాట రసాయన శాస్త్రంతో మొదలవుతుంది. విడిగా తిరిగే ఇనుము హైడ్రోజన్ పెరాక్సైడ్‌తో కలిస్తే హైడ్రాక్సిల్ రాడికల్ పుడుతుంది. ఇనుముకూ పెరాక్సైడ్‌కూ మధ్య జరిగే ఈ చర్యను ఫెంటన్ అనే శాస్త్రవేత్త 1894లోనే వివరించాడు. ఆ రాడికల్ పక్కనున్న కొవ్వు పొరలను మాడ్చేస్తుంది. కొవ్వు నిండిన కణంలో మాడటానికి సరుకు ఎక్కువ. ఇలా కొవ్వు పొరలు దెబ్బతిని కణం చచ్చిపోయే పద్ధతికి 2012లో ఫెరోప్టోసిస్ అని పేరు పెట్టారు. మచ్చ కట్టించే స్టెల్లేట్ కణాలను కూడా ఇనుము రెచ్చగొడుతుంది. రోగుల్లో చూసినా ఫెరిటిన్ బాగా పెరిగినవాళ్లలో వాపు, మచ్చ ఎక్కువగా ఉన్నాయి.

రెండో వైపువాళ్లు ఆ చివరి వాక్యాన్నే పట్టుకుంటారు. లివర్ ఎక్కువ దెబ్బతింటే ఫెరిటిన్ ఎక్కువ కారుతుంది కదా, అలాంటప్పుడు ఫెరిటిన్ కారణమా, ఫలితమా? కలిసి కనిపించినంత మాత్రాన ఒకదాన్నుంచి ఇంకొకటి వచ్చినట్టు కాదు. తేల్చాలంటే ఇనుము తీసేసి చూడాలి.

తీసేసి చూశారు కూడా. రక్తం తీస్తే ఇనుము పోతుంది. ఒక గ్రాము హిమోగ్లోబిన్‌లో 3.4 మిల్లీగ్రాముల ఇనుము ఉంటుంది. హిమోగ్లోబిన్ 15 ఉన్న మనిషి నుంచి 450 మిల్లీలీటర్లు తీస్తే 67.5 గ్రాముల హిమోగ్లోబిన్, అంటే 230 మిల్లీగ్రాముల ఇనుము పోయినట్టు. ఇటలీలో జరిగిన ఒక చిన్న ప్రయోగంలో ఇలా చేసినవాళ్ల లివర్ ముక్కల్లో మెరుగు కనిపించింది. ఆశ పుట్టింది. తర్వాత 2015లో ఆస్ట్రేలియా బృందం 74 మంది ఫ్యాటీ లివర్ రోగులను రెండు గుంపులుగా చేసి ఆరు నెలలు చూసింది. రక్తం తీసినవాళ్లలో ఫెరిటిన్ తగ్గింది. కానీ లివర్ కొవ్వులోగానీ, ఎంజైముల్లోగానీ, ఇన్సులిన్ పనితీరులోగానీ రెండో గుంపుతో తేడా రాలేదు. 2017లో ఫ్రాన్స్ నుంచి వచ్చిన ఇంకా పెద్ద ప్రయోగం కూడా రక్తం తీయడం వల్ల జీవక్రియల్లో మేలేమీ లేదంది.

మొదటి వైపువాళ్లు ఒప్పుకోవడం లేదు. ఆరు నెలల్లో మచ్చ తగ్గుతుందని ఎదురుచూడటం సరికాదంటారు, కొద్దిపాటి ఇనుము ఉన్నవాళ్లలో ప్రయోగం చేసి అందరికీ తీర్పు ఇవ్వకూడదంటారు. ఆ అభ్యంతరంలో పస ఉంది. ఫెరిటిన్ 1000 దాటి, ఎంఆర్‌ఐలో ఇనుము తేలినవాళ్ల విషయం ఇంకా తెరిచే ఉంది. కానీ 400, 600 ఉన్నవాళ్ల విషయంలో ప్రయోగాల మాటకే నేను ఎక్కువ విలువ ఇస్తాను. రక్తదానం గొప్ప పని, హిమోగ్లోబిన్ 12.5 పైన ఉండి ఆరోగ్యంగా ఉన్న మగవాళ్లు మూడు నెలలకోసారి చేయొచ్చు. అది కాన్పు కోసం వచ్చిన తల్లికో, ప్రమాదంలో పడ్డ మనిషికో పనికొస్తుంది. ఫ్యాటీ లివర్‌కు వైద్యమని చెప్పి చేయించడానికి మాత్రం ఆధారం లేదు.

రేషన్ బియ్యం, బిళ్లలు, చోడి అంబలి

ఫోర్టిఫైడ్ బియ్యం వచ్చినప్పుడు ప్లాస్టిక్ బియ్యం అని ఊళ్లలో భయపడ్డారు. కాస్త తేడాగా కనిపించే ఆ గింజలు బియ్యప్పిండిలో ఇనుము, ఫోలిక్ యాసిడ్, బీ12 కలిపి గింజ ఆకారంలో చేసినవి. నూటికి ఒకటి చొప్పున మామూలు బియ్యంలో కలుపుతారు. ఇప్పుడు రెండో భయం: లివర్‌లో ఇనుము ఉన్నవాళ్లు ఇది తినొచ్చా?

లెక్క వేద్దాం. కిలో బియ్యంలో 28 నుంచి 42.5 మిల్లీగ్రాముల ఇనుము ఉండాలని నిబంధన. మనిషికి నెలకు 5 కిలోలు. అంటే నెలకు 140 నుంచి 212 మిల్లీగ్రాములు, రోజుకు 5 నుంచి 7. అందులో పదో వంతు ఒంటబట్టినా రోజుకు 0.5 నుంచి 0.7 మిల్లీగ్రాములు. రోజూ సహజంగా పోయేదే ఒక మిల్లీగ్రాము. పైగా నిల్వలు నిండిన మనిషి పేగు దగ్గర హెప్సిడిన్ కాపలా ఉంది, అది తిండి ఇనుమును ఇంకా తగ్గిస్తుంది. ఆ కాపలాను దాటుకుని నేరుగా లోపలికి వచ్చేది ఎక్కించిన రక్తం. ఒక్కో సంచితో 200 నుంచి 250 మిల్లీగ్రాములు చేరుతుంది. తలసేమియా పిల్లాడికి నెలకు రెండు సంచులు ఎక్కిస్తే ఏడాదికి సుమారు 5 నుంచి 6 గ్రాములు చేరుతుంది, అంటే పెద్ద మనిషి ఒంట్లో మొత్తం ఉండేదానికంటే ఎక్కువ. ఇనుము నిజంగా ప్రాణం మీదికి తెచ్చేది అక్కడ. వాళ్లకు ఇనుమును పట్టి బయటికి లాగే డెఫెరాసిరాక్స్ లాంటి మందులు తప్పవు. వాళ్ల తిండి విషయం వాళ్ల డాక్టరు చెప్పినట్టే నడవాలి.

చోడి (రాగి) అంబలి, తోటకూర, గోంగూర మానేయడం గురించి కూడా అడుగుతుంటారు. నూరు గ్రాముల చోడిపిండిలో 4, 5 మిల్లీగ్రాముల ఇనుము ఉంటుంది. దాన్ని పట్టి ఉంచే ఫైటేట్లు కూడా అందులోనే ఉన్నాయి కాబట్టి ఒంటబట్టేది స్వల్పం. చోళ్లకు భయపడి తెల్లన్నానికి మళ్లిన మనిషి తన లివర్‌కు మేలు చేసుకోలేదు. మాంసం, కార్జం, చేపల్లోని ఇనుము మాత్రం దీనికంటే బాగా ఒంటబడుతుంది.

ఇంటింటికీ చేరే ఐరన్ బిళ్లల సంగతి వేరే చర్చ. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే 2019–21 ప్రకారం దేశంలో 15–49 ఏళ్ల ఆడవాళ్లలో 57 శాతం మందికి రక్తహీనత ఉంది. వాళ్లకు వారానికో బిళ్ల, గర్భిణులకు రోజుకో బిళ్ల ఇచ్చే కార్యక్రమాన్ని పక్కింటాయన ఫెరిటిన్ చూసి అనుమానించడం ప్రమాదం.

ఉద్దానంలో అదే అంకె

కవిటి, సోంపేట, వజ్రపుకొత్తూరు వైపు కిడ్నీ జబ్బు ఉన్నవాళ్ల చేతిలోనూ ఫెరిటిన్ 600 అన్న కాగితాలుంటాయి. అది వేరే కథ. హెప్సిడిన్‌ను ఒంట్లోంచి తీసేసే పనిలో కిడ్నీలది పెద్ద పాత్ర. అవి పాడైతే హెప్సిడిన్ పేరుకుంటుంది, తిన్న ఇనుము ఒంటబట్టదు. రక్తం తయారీకి సంకేతమిచ్చే ఎరిత్రోపోయెటిన్ కూడా తగ్గుతుంది. అందుకే డయాలిసిస్ రోగులకు ఆ ఇంజెక్షనుతో పాటు ఇనుమును నరం ద్వారా ఎక్కిస్తారు. ఫెరిటిన్ 500 ఉన్నా శాచురేషన్ 30 శాతం లోపే ఉంటే ఇనుము ఇచ్చి చూడొచ్చని అంతర్జాతీయ కిడ్నీ మార్గదర్శకాలు 2012లో చెప్పాయి. రాజాం మనిషికి హెచ్చరికలా కనిపించిన అంకెకు దగ్గరి అంకెతోనే ఉద్దానం మనిషికి ఇనుము ఎక్కించాల్సి రావచ్చు. ఒకరి కాగితం పట్టుకుని ఇంకొకరు మందు ఆపుకుంటే ఏమవుతుందో వేరే చెప్పక్కర్లేదు.

సీతంపేట, పార్వతీపురం ఏజెన్సీలో సికిల్ సెల్ లక్షణం ఉన్న కుటుంబాలున్నాయి. వాళ్లలో అది జబ్బుగా బయటపడినవాళ్లకు రక్తం విరిగిపోవడం వల్లా, రక్తం ఎక్కించడం వల్లా ఫెరిటిన్ పెరుగుతుంది. అక్కడ రక్తహీనత ఉందని చూసి ఐరన్ రాసేముందు హిమోగ్లోబిన్ రకం తెలియాలి.

బరువు తగ్గినప్పుడు ఇనుము ఏమవుతుంది

ఫ్యాటీ లివర్‌లో బరువు 5 శాతం తగ్గితే కొవ్వు తగ్గడం మొదలవుతుందని, 7 నుంచి 10 శాతం తగ్గితే వాపు నెమ్మదిస్తుందని, 10 శాతం దాటితే కొందరిలో మచ్చ కూడా వెనక్కి వెళ్తుందని అధ్యయనాలు చూపించాయి. 85 కిలోల రాజాం మనిషికి అది సుమారు 4, 6, 8.5 కిలోల మాట. వాపు తగ్గితే ఫెరిటిన్ కూడా దిగుతుంది, రక్తం ఒక్క చుక్క తీయకుండానే.

బొబ్బిలి టీచరు విషయంలో మార్పు అవతలి దిక్కుకు ఉంటుంది. ఇటలీలో లావుగా ఉన్న పిల్లలతో ఆరు నెలల బరువు తగ్గింపు కార్యక్రమం నడిపి చూశారు. బరువు దిగిన పిల్లల్లో హెప్సిడిన్ తగ్గింది, పేగు నుంచి ఇనుము ఒంటబట్టడం మెరుగుపడింది. 2010లో ఆ ఫలితాలు వచ్చాయి. పెద్దవాళ్లలోనూ బరువు తగ్గించే ఆపరేషన్ల తర్వాత హెప్సిడిన్ తగ్గడం కనిపించింది. అయితే కడుపును దాటవేసే రకం ఆపరేషన్లలో ఇనుము పీల్చుకునే పేగు భాగమే పక్కకు పోతుంది కాబట్టి, వాళ్లకు ఇనుము లోపం కొత్తగా రావడమూ ఉంది. హెప్సిడిన్‌నే నేరుగా కొలిస్తే ఇన్ని అంకెలు కలిపి ఊహించే పని తప్పేది. ఆ పరీక్ష ఇప్పటికీ ఎక్కువగా పరిశోధనశాలల్లోనే ఉంది. ఊళ్లో ల్యాబు కాగితం చూసేవాళ్లకు దొరికే దగ్గరి దారి ఫెరిటిన్, శాచురేషన్, సీఆర్‌పీ మూడూ ఒకే రోజు, జ్వరం లేని రోజు తీయించినవి పక్కపక్కన పెట్టి చదవడం.